ఐదు నోళ్ళు, రెండు చెవులు

చాలాకాలానికి మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాను. తెలుగు పండితుడు యాంప్లిఫయరు గురించి వ్రాయడమేమిటని చదువరులకు సందేహం కలుగవచ్చు. నాకూ కలిగింది. జీవితమంతా గురులఘువులు లెక్కపెట్టినవాడు ఓములూ వాట్లూ లెక్కపెట్టే స్థితికి ఎలా వచ్చాడో చెప్పడానికే ఈ టపా. కాస్త సాగుతుంది. గంట కొట్టేదాకా చెప్పడమే కాని మధ్యలో ఆపడం పంతుళ్ళకు చేతకాదు.

నేను 2017లో పదవీవిరమణ చేశాను. ఉద్యోగమంతా ఎల్లారెడ్డి చుట్టుపట్ల పల్లెబడులలో గడిచింది, కాపురం మాత్రం పిల్లల చదువుల కోసం కామారెడ్డికి మారింది. 2024 దసరాకు మా అబ్బాయి హైదరాబాదు నుండి వస్తూ, తాను కొత్తది కొనుక్కొన్నందువల్ల పాతబడిన హోం థియేటరును కారులో వేసుకొని వచ్చాడు. ఒక రిసీవరు, ఐదు స్పీకర్లు, గుమ్మడికాయంత గొంతున్న ఒక సబ్‌వూఫరు. "బాపూ, మీకు పొద్దు గడుస్తది" అన్నాడు. మేడమీది గదిలో బిగించి, చేతికి రిమోటు ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఈ పెట్టెల వ్యవహారం తెలియనివారి కోసం రెండు మాటలు. ఎదుట ఎడమ, నడుమ, కుడి. వెనుక ఎడమ, కుడి. ఈ ఐదు నోళ్ళకూ రిసీవరు వేరువేరు మాటలు పంచుతుంది. పాత్రల సంభాషణ దాదాపుగా నడిమి నోటి నుండే వస్తుంది. సినిమాహాళ్ళలోకి డాల్బీ డిజిటల్ 1992లోనూ, డీటీఎస్ 1993లోనూ అడుగుపెట్టాయి. అంతకు ఎంతో ముందే, 1940లో, డిస్నీవారు ఫాంటాసియా చిత్రానికి ధ్వనిని అనేక దారులుగా విడదీసి వినిపించారు. మన మాయాబజార్ 1957లో వచ్చినపుడు దాని ధ్వని ఒక్క దారిదే. 2010లో రంగులద్ది, ధ్వనిని డీటీఎస్ పద్ధతికి మార్చి మళ్ళీ విడుదల చేశారు. రంగుల సంగతి నాకు పట్టలేదు. పింగళివారి మాటలు నలుపు తెలుపులలోనే పూర్తి రంగులతో ఉంటాయన్నది నా పక్షపాతం.

సరే, అసలు కథ. మనుమడు సంక్రాంతి సెలవులకు వచ్చి బాహుబలి మొదటి భాగం పెట్టాడు. కాలకేయులతో యుద్ధం మొదలై, రథచక్రాలు దొర్లుతున్నంతలో రిసీవరు 'టక్' మని ఆగిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ అక్కడికే వచ్చి మళ్ళీ టక్. మాహిష్మతి ఆ యుద్ధం గెలిచిందో లేదో మా మేడమీద మూడు రోజులు తేలలేదు. నా ఫిర్యాదు వేరు. నాకు యుద్ధం ఆగినందుకు చింత లేదు, మాటలు తెలియకపోవడమే చింత. ధ్వని పెంచితే చప్పుడు పెరుగుతోంది కాని మాట విచ్చుకోవడం లేదు. ఈ రెండూ ఒకే రోగమని, యంత్రానికి శక్తి చాలడం లేదని నేను నిశ్చయించుకొన్నాను. పండితుడికి నిశ్చయాలు త్వరగా కలుగుతాయి.

ఎల్లారెడ్డిలో నా పాతశిష్యుడు ఒకడు టీవీలు, మైక్ సెట్లు బాగుచేస్తాడు. కబురు పెడితే ఆదివారం బండిమీద వచ్చాడు. రిసీవరును వెనక్కి తిప్పి, దాని వీపుమీది రేకును టార్చితో చదివి నవ్వాడు.

"సార్, ముంగట ఏం రాసిండు? ఒక్కో దానికి తొంబై వాట్లు. ఐదు తొంబైలు?"

"నాలుగువందల యాభై."

"ఎనుక రాసింది సూడుండ్రి. గోడల కెంచి గుంజేది నాలుగువందల ఇరవై. లోపటికి నాలుగువందల ఇరవై వోతె బయటికి నాలుగువందల యాబై ఎట్లొస్తది సార్?"

నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని. ఇంత శుభ్రమైన ప్రశ్న నా తరగతిలో ఎప్పుడూ వేయలేదు. రేకుమీది అంకె గరిష్ఠపు లెక్క కాదనీ, ఒక్క క్షణం అంతకన్నా ఎక్కువ లాగవచ్చుననీ తరువాత తానే సవరించాడు. అయినా దారి దొరికింది. ఆ తొంభై అన్నది రెండు మార్గాలను మాత్రమే పనిచేయించి కొలిచిన కొలత. ఐదూ ఒక్కసారి నోరు తెరిస్తే ఒక్కొక్కదాని వంతు బాగా పడిపోతుంది. ఐదింటికీ పెట్టెలో ఉన్న ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే. "ఒక్క పొయ్యి మీద ఐదు ఇండ్లకు వండినట్టు" అన్నాడు. దీనికి తోడు మా అబ్బాయి ఎదుటి స్పీకర్లు నాలుగు ఓములవి. అవి ఎనిమిది ఓముల వాటికన్నా రెట్టింపు విద్యుత్ప్రవాహం అడుగుతాయి. ఇవ్వలేక వేడెక్కి, తన్ను తాను కాపాడుకోవడానికి రిసీవరు కళ్ళు మూసుకొంటోంది. ఒక విధంగా అదే మేలు. చాలని శక్తితో అరిపిస్తే ధ్వనితరంగాల తలలు తెగి, ఆ తెగిన అంచులలోంచి పుట్టే కీచుధ్వనులు స్పీకరులోని చిన్న శంఖాన్ని, అంటే ట్వీటరును, కాల్చివేస్తాయట.

ఉపాయం ఏమిటంటే రిసీవరును తీసివేయనక్కరలేదు. దాని వెనుక 'ప్రీ అవుట్' అనే రంధ్రాలుంటే (అన్నింటికీ ఉండవు, కొనేటప్పుడే చూసుకోవాలి) ధ్వనిని విడదీయడం, హెచ్చుతగ్గులు, ఏ స్పీకరుకు ఎంత ఆలస్యం అన్న లెక్కలు దానికే వదిలి, కండబలం పని మాత్రం వేరొక పెట్టెకు అప్పగించవచ్చు. ఆ పెట్టే మల్టీచానెల్ పవర్ యాంప్లిఫయరు. మంత్రాంగం ఒకరిది, సైన్యం మరొకరిది.

మా అబ్బాయి హైదరాబాదులో వెదకి, ఎవరో వాడిన ఐదు మార్గాల యాంప్లిఫయరు నలభై అయిదువేలకు తెచ్చాడు. ఐదూ కలిసి పనిచేసినపుడు కూడా ఒక్కొక్కదానికి నూట ఇరవై అయిదు వాట్లు. బరువు ఇరవై ఏడు కిలోలు. శిష్యుడూ కొడుకూ చెరోవైపు పట్టుకొని మెట్లెక్కిస్తుంటే మా శ్రీమతి, "గింత బరువున్నది మాట్లాడుతదా, పప్పు రుబ్బుతదా?" అని అడిగింది. నేను విననట్టు ఊరుకొన్నాను. ఆ మాట మాత్రం బాగానే వినబడింది.

2025 జూన్ మొదటి వారంలో బిగించారు. ఐదు తీగలు రిసీవరు నుండి యాంప్లిఫయరుకు. స్పీకర్ల తీగలు అటునుంచి ఇటు మార్చడం. రిసీవరు మేల్కొనగానే యాంప్లిఫయరును కూడా మేల్కొలిపే పన్నెండు వోల్టుల సన్నతీగ ఒకటి. పెద్ద పెట్టెకు చిన్న సాకెట్టు పనికిరాదని, గీజరుకు పెట్టే పదహారు ఆంపియర్ల సాకెట్టు గోడకు కొత్తగా వేశాడు. మీట నొక్కగానే మొదట వినబడినది సంగీతం కాదు, గుంయ్ మనే ఒక ఏకశ్రుతి. తంబురా అనుకొని కళ్ళు మూసుకోవచ్చు కాని శిష్యుడు ఒప్పుకోలేదు. కేబుల్ టీవీ తీగ పీకాడు, గుంయ్ పోయింది. పెట్టాడు, వచ్చింది. ఆ తీగకు ఒక నేల, మా ఇంటికి ఒక నేల. రెండు నేలల మధ్య చిన్న తగాదా ఈ చప్పుడు. ఆ తీగకు చిన్న తెరలాంటి పరికరమొకటి తగిలించి సరిచేశాడు. అంతటితో విడువక, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య మీటరు పెట్టి చూశాడు. రెండు మూడు వోల్టులకు మించకూడని చోట పద్నాలుగు చూపింది. ఇల్లు కట్టినపుడు బొగ్గు, ఉప్పు పోసి పూడ్చిన ఎర్తుగుంటలో ఇన్నేళ్ళుగా చుక్క నీరు పోసిన పాపాన పోలేదు. మళ్ళీ త్రవ్వించి, బొగ్గూ ఉప్పూ నింపి, నాలుగు బిందెల నీళ్ళు పోశాము. మిత్రులలో ఎవరైనా యాంప్లిఫయరు కొనకపోయినా సరే, ఎండాకాలంలో ఎర్తుగుంటకు నీళ్ళు పోయండి.

కొత్త పెట్టె బలం వేరు కనుక రిసీవరు చిన్న మైకుతో గదిని మళ్ళీ కొలిపించారు. పిదప కాలకేయయుద్ధం. గోడలు కదిలాయి, రిసీవరు కదలలేదు. యుద్ధం గెలిచాము. మనుమడు ఫోనులో విని కేరింతలు కొట్టాడు. అయితే యుద్ధం ముగిసి రాజమాత మాట్లాడడం మొదలుపెట్టగానే నా మొగం చూసి శిష్యుడు అడిగాడు.

"ఏమైంది సార్?"

"మాట తెలియడం లేదోయ్. ఇంత పెట్టె తెచ్చినా?"

అతడు కొంతసేపు నేలవైపు చూశాడు. తరువాత కాగితం తీసి లెక్క వేసి చూపాడు. మా నడిమి స్పీకరు ఒక్క వాటుకు ఒక మీటరు దూరంలో ఎనభై ఆరు డెసిబెల్స్ ఇస్తుంది. దూరం రెట్టింపైతే ఆరు తగ్గుతుంది. నా కుర్చీ నాలుగు మీటర్ల దూరం కనుక పన్నెండు పోయి డెబ్బై నాలుగు. గోడల నుండి తిరిగివచ్చేది అదనం. మనిషి ఎదుట కూర్చొని మాట్లాడే ధ్వనికన్నా అది ఎక్కువే. పదింతలు వాట్లు పోస్తే పది డెసిబెల్స్ పెరుగుతాయి, చెవికి అది రెట్టింపు మాత్రమే. నూరు వాట్లు పోస్తే తొంభై నాలుగు. అంటే ఆ నూరూ కావలసినది ఏనుగు పడినప్పుడూ కోట కూలినప్పుడూ. "మాటకు ఒక్క వాటు సాలు సార్. పాత డబ్బా గూడ ఇస్తుండె" అన్నాడు. నేను, ఈ కాలపు నటులు నోరు తెరవకుండా మాట్లాడుతారు, నేపథ్యసంగీతం మాటలమీద పడి దొర్లుతుంది అని చెప్పాను. అందులో నిజం లేకపోలేదు. అతడు అవునన్నాడు. తప్పు దిద్దకుండా అవునన్నాడని అప్పుడు గ్రహించలేదు.

జులైలో అతని లెక్క తీర్చడానికి ఎల్లారెడ్డి వెళుతూ దారిలో లింగంపేట నాగన్నబావి దగ్గర ఆగాము. ఇటీవలి ఏళ్ళలో చక్కగా బాగుచేసిన మెట్లబావి. మనుమడు దిగువ మెట్లమీదికి పోయి పైకి ఏదో కేక వేశాడు. నాకు పొడవైన 'ఆ', దాని వెనుక ఒక 'ఊ' వినబడ్డాయి. మాట లేదు. రాతిగోడల ప్రతిధ్వని అనుకొని, మా చిన్నప్పుడు మా ఊళ్ళో పెట్రోమాక్స్ వెలుతురులో భాగవతులు మైకు లేకుండా పాడితే చివరి వరుసలోని ముసలివాళ్ళకు కూడా ప్రతి అక్షరమూ అందేదని వాడికి చెప్పాను. ఆ ముసలివాళ్ళకు నిజంగా అందేదా? అప్పుడు నేనెవరినీ అడగలేదు.

ఆ ఏడు ఆగస్టు 27, వినాయకచవితి. కామారెడ్డిలో కురిసిన వాన సంగతి మీరు వార్తలలో చూసే ఉంటారు. రహదారి తెగింది, రైళ్ళు ఆగాయి, వీధులు కాలువలయ్యాయి. మా ఇంట్లోకి మోకాలి దిగువదాకా నీరు వచ్చింది. నేను మేడమీద పుస్తకాల పెట్టెలు మంచంమీదికి ఎక్కిస్తున్నాను. శ్రీమతి క్రింద బియ్యం డబ్బాలు ఎత్తిపెడుతోంది. ఉన్నట్టుండి పెద్ద కేక వేసింది. నాకు స్పష్టంగా "వాము!" అని వినబడింది. ఈ వానలో వాము కషాయం కాచదలచింది కాబోలుననుకొని, "పై అరలో, జీలకర్ర డబ్బా పక్కన" అని పైనుండే జవాబు చెప్పి నా పనిలో పడ్డాను. మళ్ళీ కేక. మళ్ళీ "పై అరలో!" అన్నాను.

ఆమె అన్నది "పాము".

పక్కింటి కుర్రవాడు గోడ దూకి వచ్చి కర్రతో దానిని వాకిలి దాటించాడు. నీరుకట్టె, విషం లేనిదే. కాని ఆ నీళ్ళలో, ఆ చీకటిలో, దానికి విషం లేదని ఆమెకు ఎలా తెలుస్తుంది? నేను దిగివచ్చేసరికి ఆమె వంటగట్టుమీద కాళ్ళు ముడుచుకొని కూర్చొని ఉన్నది. నన్ను చూసి ఏమీ అనలేదు. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడవనాడు, "మీకు ఇనవడుతలేదు. మీరు ఒప్పుకుంటలేరు. గా ఇరవై ఏడు కిలోల డబ్బా మీరు దానికోసం తేలే" అన్నది.

వ్యాకరణం చదివిన మిత్రులు నవ్వుకొంటూ ఉంటారని తెలుసు. ప్రథమమీది పరుషాలకు గసడదవలు వస్తాయని నేను వేల పిల్లలచేత వల్లెవేయించాను. వాడు పోయె అన్నది వాడువోయె అయితే అది సంధి. పాము వాము అయితే అది సంధి కాదు. నా చెవి సూత్రం లేకుండానే ఆదేశాలు చేయడం మొదలుపెట్టింది.

వానలు తగ్గాక శిష్యుడు నీళ్ళలో తడిసిన మోటారు చూడడానికి వచ్చాడు. శ్రీమతి అతనికి అంతా చెప్పింది. అతడు ఒక కాగితమూ పెన్నూ నా చేతికిచ్చి, "సార్, డిక్టేషన్ రాస్తరా?" అన్నాడు. నా వెనుక నిలబడి ఇరవై మాటలు చెప్పాడు. మామూలు గొంతే, మామూలు మాటలే. వ్రాశాను. తొమ్మిది తప్పులు. కటకు గడ, తల అన్నచోట దళ, సాలకు శాల. దిద్దమంటే దిద్దడు. "తప్పు పెట్టవోయ్" అని గద్దించాక ప్రతి తప్పు పక్కన ఆవగింజంత చుక్క పెట్టాడు, ఇంటూ గుర్తు పెట్టలేదు.

ఇక్కడ నేను దాచదలచుకోని సంగతి ఒకటి ఉన్నది. ఈ శిష్యుడు ఏడవ తరగతిలో ఉండగా, శంకరుడు అనమంటే సంకరుడు అనేవాడు. వాళ్ళ ఇంట్లో అందరూ అలాగే అంటారు, ఊరంతా అలాగే అంటుంది. నేను వాణ్ణి బెంచీ ఎక్కించి, తరగతి నవ్వుతుండగా, సరిగా పలికేదాకా పలికించాను. ఒక గంట పట్టింది. మంచిపని చేశాననే ఎన్నో ఏళ్ళు అనుకొన్నాను. ఆనాడు అడిగాను, గుర్తున్నదా అని. "మర్సిపోలే సార్. గప్పటి సంది సక్కగనే అంటున్న" అని, శంకరుడు అని పలికి చూపాడు. ఆ శకారం దోషం లేకుండా పలికాడట. మా శ్రీమతి చెప్పింది. నాకు మాత్రం అది ఏ సకారమో తెలియలేదు.

నిజామాబాదులో చెవి పరీక్ష చేయించుకొన్నాను. ఆ గీతపటంలో నా వినికిడి గీత 500 హెర్ట్జ్ దగ్గర బాగానే ఉండి, 2000 దాటాక కొండమీది నుండి దొర్లినట్టు దిగిపోయింది. 4000 దగ్గర 65 డెసిబెల్స్ లోటు. వయసుతో వచ్చే లోపం, మొదట పోయేవి ఎత్తైన ధ్వనులు. అచ్చుల బలం క్రింది స్థాయిలో ఉంటుంది, పరుషాల చిటుకూ ఊష్మాల బుసా పై స్థాయిలో. అందుకే గొంతు వినబడుతుంది, ఎవరిదో తెలుస్తుంది, ఏమన్నదో తెలియదు. మన వ్యాకర్తలు అచ్చులను ప్రాణాలనీ హల్లులను ప్రాణులనీ అన్నారు. నా లోకంలో ప్రాణాలు మిగిలాయి, ప్రాణులు కనబడకుండా పోతున్నాయి. యంత్రానికి నూరు వాట్లు జోడించినా అన్ని స్థాయిలూ కలిసే పెరుగుతాయి కనుక, ముందే వినబడుతున్నది మరింత వినబడి, వినబడనిది దాని నీడలోనే ఉండిపోయింది.

రెండు చెవులకూ యంత్రాలు పెట్టారు. వీటి ధర ఆ పెద్ద పెట్టెకు దాదాపు రెండింతలు. చిత్రమేమిటంటే ఇవి కూడా బహుమార్గ యాంప్లిఫయర్లే. ఒక్కొక్కటి ధ్వనిని పదహారు పాయలుగా చీల్చి, నా గీత ఎక్కడ దిగిందో అక్కడే అంత మేరకు ఎత్తుతుంది. బరువు రెండు మూడు గ్రాములు. శనగగింజంత బ్యాటరీ ఒకటి, దానిమీది కాగితం పీకి ఒక నిమిషం గాలి తగలనివ్వాలి. వీటిని పొగడడానికి ఇంకా తొందరే. పళ్ళెం కడిగితే పిడుగు పడినట్టుంటుంది. బజారులో పదిమంది ఒక్కసారి మాట్లాడితే పాత స్థితే నయమనిపిస్తుంది. పోయిన మాసం మళ్ళీ డిక్టేషన్ వ్రాశాను. ఇరవైకి నాలుగు తప్పులు. శకార సకారాలు ఇంకా తగాదాలోనే ఉన్నాయి.

మొన్న అవి పెట్టుకొని మేడమీదికి పోయి యాంప్లిఫయరు వెలిగించాను. పాట పెట్టకముందే ఐదు స్పీకర్ల నుండీ సన్నగా 'స్‌స్‌స్' అనే చప్పుడు. పెట్టె చెడిపోయిందని కంగారుపడి శిష్యుడికి ఫోను చేశాను. రిసీవరులోని చిన్న గొణుగుడును పెద్ద పెట్టె ఎత్తి చూపుతోందని, మధ్యలో ఒక అటెన్యుయేటరు వేస్తే తగ్గుతుందని చెప్పాడు.

"ఎప్పటినుంచి వస్తోంది?" అన్నాను.

"బిగిచ్చిన దినం సందే ఉన్నది సార్. మీరేమన్న అంటరేమోనని సూసిన. మీరు ఏమనలే."

ఆదివారం వస్తానన్నాడు.